మజిలీ మజిలీకీ మారే లోకం: ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర

పరాయి ప్రాంతాల ఆచార వ్యవహారాలను ప్రయాణం ద్వారా తెలుసుకోవడం ఎటువంటిదో తెలుగులో పరిశీలించదలచిన వారు మొదట తెరవవలసిన గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా, అంటే దేశభాషలలో సాక్షులు చెప్పే మాటలను ఇంగ్లీషు న్యాయమూర్తులకు వివరించే దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న, పరివారంతో కలిపి దాదాపు నూరుమందిని వెంటబెట్టుకొని బయలుదేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరుల మీదుగా ప్రయాగ, కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకొని, గంజాం నుంచి తీరం వెంబడి దిగివచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరుకున్నారు.

అప్పటికి ఈ దేశంలో రైలు లేదు. ప్రయాణికుల బండి మొదట నడిచింది 1853లో. దారి పొడవునా ఒకే ప్రభుత్వమూ లేదు. ఈస్టిండియా కంపెనీ సీమ దాటితే కర్నూలు నవాబు ఏలుబడి, ఆపైన నిజాం రాజ్యం, తరువాత నాగపూరు భోంసలేల రాజ్యం, నర్మదా తీరాన మళ్ళీ కంపెనీ అధికారం. కంపెనీ ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయి 1835లో గాని రాలేదు కనుక, యాత్రికుడు సీమ మారినప్పుడల్లా కొత్త నాణెం విలువను, కొత్త తూకాన్ని, కొత్త సుంకాన్ని నేర్చుకోక తప్పేది కాదు.

వీరాస్వామయ్య బయలుదేరింది తీర్థయాత్రకే అయినా, ఆయన రాతలో ఎక్కువ చోటు ఆక్రమించినవి దేవుళ్ళూ గుళ్ళూ మాత్రమే కావు. మజిలీ అంటే ఒక పూటో రాత్రో ఆగే చోటు. అటువంటి ప్రతి చోటా దారి మెట్టదా రేగడిదా, అడవి ఎంత దట్టం, నీళ్ళు తాగడానికి పనికివస్తాయా, అంగళ్ళలో ఏమి దొరుకుతుంది, దిగడానికి చావడి ఉందా అనే సంగతులను ఆయన ఓపికగా నమోదు చేశారు. తరువాత వచ్చే యాత్రికులకు ఉపకరించే సమాచారమన్నది నిజమే కాని, ఇందులో అంతకంటే లోతైన విషయం ఒకటి ఉంది. నూరుమందికి పూటపూటా బియ్యం, కట్టెలు, కుండలు సమకూర్చవలసిన మనిషి ఊరివాళ్ళను అడగకుండా, వాళ్ళ మాట వినకుండా ఒక్కరోజు కూడా గడపలేడు. ఊరిని కేవలం చూసిపోయేవాడికి కనబడేది దాని అందమే. ఆ ఊరి మీద ఆధారపడిన వాడికి మాత్రం అక్కడి పంట, వృత్తులు, అధికారుల తీరు, జనుల భయాలు అన్నీ అవసరం కొద్దీ తెలిసివస్తాయి. కాశీయాత్ర చరిత్ర విలువంతా ఈ ఆధారపడటంలో నుంచి పుట్టిందే.

కచేరీలో ఆయన చేసిన పని కూడా ఇందుకు తోడ్పడిందనిపిస్తుంది. ఒకరి మాటను తన మాట కలపకుండా మరొకరికి చేరవేయడం దుబాసీ ధర్మం. హైదరాబాదు వీధులలో జనం ఆయుధాలు ధరించి తిరగడం చెన్నపట్నం నుంచి వచ్చిన ఆయనకు కొత్తగానూ జంకుగానూ తోచింది. అయినా అంతటితో ఆగిపోక ఆ నగరపు పేటలను, బజార్లను, కొలువు తీరును, ఇంగ్లీషు రెసిడెన్సీని వివరంగా వర్ణించారు. శ్రీశైలం యాత్రికుల నుంచి పన్నులు వసూలు చేసుకుంటూ కర్నూలు నవాబు ఆలయం బాగోగులు పట్టించుకోకపోవడం ఆయన దృష్టిని దాటిపోలేదు. ప్రయాగ, గయ, జగన్నాథాలలో యాత్రికుల మీద పన్ను విధించిన పాలకులలో కంపెనీ కూడా ఉందనీ, అది 1840 వరకు సాగిందనీ నేటి పాఠకులు ఇక్కడ గుర్తుంచుకోవాలి.

తిండి విషయంలో ఈ యాత్ర నేర్పినది మరీ సున్నితమైనది. బ్రాహ్మణులను వింధ్యకు దక్షిణాన పంచద్రావిడులనీ, ఉత్తరాన పంచగౌడులనీ పది శాఖలుగా విభజించడం పాత సంప్రదాయం. ద్రావిడ శాఖలవారు సాధారణంగా శాకాహారులు కాగా, గౌడ శాఖలలోని వంగ, మైథిల, ఉత్కళ బ్రాహ్మణులలో చేపలు తినడం సాధారణం. ఇరువర్గాలవారూ ప్రమాణంగా చూపేది అవే వేదాలను, అవే స్మృతులను. జగన్నాథంలోనైతే మహాప్రసాదం దగ్గర కులభేదమూ ఎంగిలీ పాటించకూడదన్నదే నియమం. ఇంటి దగ్గర పుట్టినప్పటి నుంచి ధర్మమనుకున్నదానిలో ఎంత భాగం కేవలం తమ ప్రాంతపు అలవాటో ఇటువంటి చోట్లనే దక్షిణాది యాత్రికులకు బోధపడుతుంది. ధర్మశాస్త్రకారులు దేశాచారమనే పేరుతో, అంటే ఆ ప్రాంతంలో తరతరాలుగా నిలిచిన నడవడిగా, ఈ భేదాలకు ముందే చోటిచ్చారు. అయితే పుస్తకంలో చదివిన దేశాచారం వేరు, పక్క పంక్తిలో కూర్చున్న దేశాచారం వేరు. మధ్యమధ్య వేదాంత చర్చలోకి దిగే వీరాస్వామయ్యకు ఈ వైవిధ్యం ఈశ్వరసృష్టి గురించి ఆలోచించదగిన అంశమైంది గాని, ఈసడింపుకు సాకు కాలేదు.

ఆయన చూపుకు పరిమితులు లేకపోలేదు. సంపద, హోదా, అధికారుల పరిచయం ఉన్న అగ్రవర్ణ యాత్రికుడు చూసిన దేశం అది. పల్లకీ మోసిన బోయీలు, డేరాలు వేసిన పనివారు, కాపలా కాసిన బంట్రోతులు అదే దారిని కాళ్ళతో కొలిచినవారు. నిజాం రాజ్యపు బాటల గురించీ, నాగపూరు దారిలోని అడవుల గురించీ వారికి తెలిసినది అంతకంటే తక్కువై ఉండదు. ఆ అనుభవం గ్రంథస్థం కాకపోవడం తెలుగు యాత్రాసాహిత్యానికి జరిగిన నష్టమే.

ఈ గ్రంథం మనకు దక్కడం ఒక స్నేహం వల్ల సాధ్యమైంది. వీరాస్వామయ్య దారిలో చూసినవన్నీ చెన్నపట్నంలోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి ఎప్పటికప్పుడు రాసి పంపగా, ఆయన వాటిని భద్రపరచి, రచయిత 1836లో మరణించిన తరువాత 1838లో అచ్చువేయించారు. వ్యావహారిక భాషోద్యమానికి ఎన్నో దశాబ్దాల ముందే, హిందుస్తానీ, ఇంగ్లీషు పలుకులు కలిసిన ఆనాటి వాడుక తెలుగులో సాగిన రచన ఇది. దిగవల్లి వేంకట శివరావు 1941లో విపులమైన వివరణలతో దీన్ని మళ్ళీ వెలువరించారు. 1830 నాటి హైదరాబాదునో, శ్రీశైలం దారినో, గంజాం నుంచి దిగివచ్చే తీరాన్నో తెలుసుకోగోరే చరిత్రకారులు నేటికీ ఈ పుస్తకాన్ని ఆశ్రయిస్తున్నారు.