మీకు తెలుసా? ప్రధానికీ చలానా పడింది!

కోవిడ్ వేళ మాస్కు లేదని మన వీధుల్లో చలానాలు రాసిన రోజులు గుర్తున్నాయా? థాయ్‌లాండ్‌లో ఏకంగా ప్రధానమంత్రికే రాశారు! 2021 ఏప్రిల్‌లో ప్రయుత్ చాన్-ఓ-చా మాస్కు లేకుండా మీటింగులో కూర్చున్నారు. పట్టించింది ఎవరనుకున్నారు? ఆయన ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన ఫొటోనే! 6,000 బాత్‌లు కట్టక తప్పలేదు!

బల్గేరియా సంగతి ఇంకా తమాషా! 2020 జూన్‌లో ప్రధాని బొయ్కో బొరిసోవ్ రీలా మఠంలోని చర్చికి మాస్కు లేకుండా వెళ్లారు. జరిమానా వేయించింది ప్రతిపక్షం కాదు, కోర్టూ కాదు. ఆయన సొంత ప్రభుత్వంలోని ఆరోగ్య శాఖే! ఎంతో తెలుసా? 300 లెవాలు!

సెల్ఫీ ఖరీదెంత? చిలీ అధ్యక్షుడు సెబాస్టియన్ పిన్యేరాను అడగాలి! 2020 డిసెంబరు. సముద్రపు ఒడ్డున ఒకావిడ వచ్చి సెల్ఫీ అడిగింది. ఇద్దరికీ మాస్కుల్లేవు! ఫొటో ఊరంతా తిరిగింది. ఆయన క్షమాపణ చెప్పి, తన తప్పు తానే అధికారుల ముందు ఒప్పుకున్నారు. బిల్లు 3,500 డాలర్లు!

నార్వే ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్ షష్టిపూర్తికి చుట్టాలంతా చేరారు. గుమిగూడేవారి సంఖ్యపై పెట్టిన పరిమితి దాటింది! రెస్టారెంటు ఏర్పాట్లు చూసింది భర్త. వడ్డించింది రెస్టారెంటు. ఆ విందు రాత్రి ఆవిడ అక్కడ లేనే లేరు, కంటి సమస్యతో ఆసుపత్రికి వెళ్లారు! అయినా పోలీసులు జరిమానా వేసింది ఆవిడ ఒక్కరికే! ఆంక్షలు పెట్టిన ప్రభుత్వానికి పెద్ద ఆవిడే కదా! 2021 ఏప్రిల్‌లో 20,000 క్రోనర్లు పడ్డాయి!

ఇక బ్రిటన్! లాక్‌డౌన్‌లో ఆఫీసులోనే పుట్టినరోజు జరుపుకున్నందుకు బోరిస్ జాన్సన్‌కు జరిమానా పడింది. పదవిలో ఉండగా చట్టం మీరినట్టు తేలిన తొలి బ్రిటిష్ ప్రధాని ఆయనే! జరిమానా ఎంతో చెబితే నవ్వుతారు. 50 పౌండ్లు!

ఆగండి, కథ అయిపోలేదు! తన ఆఫీసులో జరిగిన లాక్‌డౌన్ పార్టీల గురించి ఆయన పార్లమెంటును కావాలనే తప్పుదోవ పట్టించారని పార్లమెంటరీ కమిటీ తేల్చింది. ఆ నివేదికపై ఓటింగ్ పెట్టారు. అనుకూలం 354, వ్యతిరేకం 7! అంతకన్నా విచిత్రం ఏమిటంటే, ఆ రోజు 2023 జూన్ 19. సరిగ్గా ఆయన పుట్టినరోజే!

జరిమానాతో పోతే అదృష్టమే! మంగోలియా ప్రధానికి కుర్చీయే పోయింది! 2021 జనవరిలో కోవిడ్ సోకిన ఒక పచ్చి బాలింతను పసిబిడ్డతో సహా తరలించారు. కాళ్లకు పలచటి చెప్పులు, ఒంటిమీద ఆసుపత్రి బట్టలు. బయట చలి మైనస్ 25 డిగ్రీలు! ఆ వీడియో చూసి జనం వీధుల్లోకి వచ్చారు. ప్రధాని ఖురెల్‌సుఖ్ రాజీనామా చేశారు!

పెరూలో టీకా వరస తప్పితే ఏమైందో వినండి! దేశంలో జనానికి అందకముందే మార్టిన్ విజ్‌కారా గుట్టుగా టీకా వేయించుకున్నారు, అదీ అధ్యక్షుడిగా ఉండగా! గుట్టు రట్టయ్యాక 2021లో కాంగ్రెస్ ఓటేసింది. పదేళ్లు ఏ ప్రభుత్వ పదవీ చేపట్టకూడదు! తీర్మానానికి 86 ఓట్లు. ఎదురు ఒక్కటీ లేదు!

మన దగ్గర కోవిడ్ దెబ్బ నేతల జీతాలకే తగిలింది! 2020 మార్చి జీతంలో తెలంగాణ ముఖ్యమంత్రికి, మంత్రులకు, ఎమ్మెల్యేలకు 75 శాతం ఆపేశారు! ఆంధ్రప్రదేశ్‌లో అయితే నేతల జీతం మొత్తాన్నీ వాయిదా వేశారు!

ఇప్పుడు వందేళ్లు వెనక్కి! 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఓడెక్కి పశ్చిమ సమోవాకు వచ్చింది. అక్కడి న్యూజిలాండ్ పాలకుడు రాబర్ట్ లోగన్ ఓడను ఆపలేదు. జనంలో దాదాపు ఐదోవంతు పోయారు! పక్కనే అమెరికన్ సమోవా. అక్కడి గవర్నర్ జాన్ పోయర్ రేవుకు కాపలా పెట్టి, రాకపోకలు బిగించారు. ఆ మహమ్మారితో అక్కడ చనిపోయినవాళ్లు ఎంతమందో ఊహించండి. సున్నా!

మరి పశ్చిమ సమోవాకు క్షమాపణ? వచ్చింది! 2002లో న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ స్వయంగా సమోవా వెళ్లి చెప్పారు. అప్పటికి గడిచినవి 84 ఏళ్లు!

చివరగా మన సుప్రీంకోర్టు మాట! కోవిడ్ మృతుల కుటుంబాలకు కనీస సాయం అందేలా చూడటం దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత అని 2021 జూన్‌లో చెప్పింది. ఆ తర్వాతే కుటుంబానికి 50,000 రూపాయలు ఖాయమయ్యాయి!

ఆ చట్టం పేరు విపత్తు నిర్వహణ చట్టం, 2005. దాని ప్రకారం దేశంలో ఆ బాధ్యతకు పెద్ద ప్రధానమంత్రి. రాష్ట్రంలో ముఖ్యమంత్రి. జిల్లాలో కలెక్టరు. రేపు ఇంకో మహమ్మారి వస్తే ఎవరిని అడగాలో ఇక మీకు తెలుసు. మొహమాటపడకుండా అడగండి!