పుట్టింటికి వచ్చే అమ్మవారు, పిల్లల ఫీజుకు వచ్చే చందా

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠకురాణి జాతర గురించి మన పాఠకుల్లో కొందరు వినే ఉంటారు. ఆ ఊరి తెలుగు ఇళ్లలో పెరిగిన పిల్లలకైతే విడమరచి చెప్పనక్కరలేదు. కానీ హోసూరు, షోలాపూరు, బళ్లారి, యానాం వంటి చోట్ల చదువుకుంటున్న మన విద్యార్థులకు అది ఎక్కడో దూరపు ఊరి పండుగ. దాని వెనుక ఉన్నది మనవాళ్లేనన్న సంగతి చాలామందికి తెలియదు. అందుకే ఈ సంచికలో ముందు ఆ జాతర ముచ్చట చెప్పి, తరువాత ఊరి ఉత్సవాలకూ స్కాలర్‌షిప్పులకూ ఉన్న సంబంధం గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

బరంపురాన్ని పట్టు నగరం అంటారు. ఆ పేరు తెచ్చినవారు దేరా కులానికి చెందిన తెలుగు నేతగాళ్లు. 17వ శతాబ్దంలో మహురి రాజు పిలిపించగా రాజమండ్రి ప్రాంతం నుంచి మగ్గాలతో సహా వచ్చి స్థిరపడ్డారని పెద్దలు చెబుతూ వస్తున్నారు. వారి కులపెద్దను దేశిబెహరా అంటారు. ఊరి దేవత అయిన ఠకురాణి ఆ ఇంటి ఆడబిడ్డ అని నమ్మకం. అందువల్ల జాతర రోజుల్లో అమ్మవారు గుడి విడిచి, దేశిబెహరా వీధిలో వేసిన తాత్కాలిక మందిరానికి వస్తుంది. అంటే పుట్టింటికి వచ్చిందన్నమాట! చైత్రమాసంలో మొదలై వారాల తరబడి సాగే జాతరలో సాయంత్రాలు ఆడవాళ్లు ఘటాలు తలకెత్తుకొని వీధులు తిరుగుతారు. ఆఖరున ఆడపిల్లను అత్తవారింటికి సాగనంపినట్టే అమ్మను గుడికి సాగనంపుతారు. ఆ రాత్రి ముసలివాళ్లు కళ్లు తుడుచుకోవడం ఇప్పటికీ ఉంది.

మొక్కులున్నవాళ్లు వేషాలు కడతారు. దేవతల వేషాలు, రాక్షస వేషాలు, అన్నిటికంటే పిల్లలకు ఇష్టమైన పులి వేషం. ఒంటికి రంగులు పూసుకొని డప్పుల మోతకు పులి ఆడుతుంటే వీధి వీధంతా బయటకు వస్తుంది. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, మాతంగి వేషం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఘటాలు ఉత్తరాంధ్ర గ్రామదేవత సంబరాలన్నిటా ఉన్నవే. విజయనగరం పైడితల్లి అమ్మవారిని కూడా పూసపాటి రాజుల ఆడపడుచుగానే కొలుస్తారు. సరిహద్దుకు ఆవలా ఈవలా అమ్మవారితో మనవాళ్లకున్న చుట్టరికం ఒకే తీరుగా ఉండటం గమనించదగ్గది.

ఆ సరిహద్దు కూడా మరీ పాతది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. కాబట్టి "మీరు ఆంధ్ర నుంచి ఎప్పుడొచ్చారు?" అని ఎవరైనా అడిగితే బరంపురం పిల్లలు తడుముకోనక్కరలేదు. వాళ్లు ఎక్కడికీ కదలలేదు, గీతే కదిలింది.

ఇక అసలు విషయానికి వస్తాను. జాతరను మోసింది మగ్గం. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుడి గోపురాల వరుసలా కనిపించే కుంభం అంచు ఆ చీరకు గుర్తు. అయినా గుర్తింపు వచ్చినంత మాత్రాన మగ్గం మీద రోజుకూలి పెరగలేదు. నేసేవాళ్లు తగ్గిపోతున్నారు, వాళ్ల పిల్లలు పాలిటెక్నిక్‌కో, నర్సింగుకో, డిగ్రీకో పోతున్నారు. పోవడం తప్పు కాదు. కానీ ఫీజు కట్టవలసిన తేదీ, చీర అమ్ముడుపోయే తేదీ ఎన్నడూ ఒకటి కావు. అలాంటప్పుడు ఊరు వేషాలకూ దీపాలకూ ఖర్చుపెట్టే డబ్బులో కొంత ఆ ఫీజుకు చేరగలదా అన్నది ప్రశ్న. ఈ ప్రశ్న బరంపురానిది ఒక్కటే కాదు. మనవాళ్లు చందా పుస్తకం పట్టుకొని తిరిగే ప్రతి ఊరిదీ.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను కొంతకాలం ఒక చిన్న ఊరి ఉత్సవ కమిటీలో కోశాధికారిగా ఉన్నాను. ఊరి పేరు అనవసరం. ఒక ఏడాది ఉగాది ఉత్సవానికి వేసిన కరపత్రంలో "ఖర్చులు పోను మిగిలిన సొమ్ము పేద విద్యార్థుల చదువుకు" అని ఉత్సాహంగా అచ్చు వేయించాం. ఆ మాట చూసి చందాలు బాగానే వచ్చాయి. తీరా షామియానా, మైకు సెట్టు, లైటింగు, భోజనాలు, అతిథులకు శాలువాలు అన్నీ చెల్లించాక పెట్టెలో మిగిలింది మూడు వందల చిల్లర. నాలుగు రోజులకు ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. చేతిలో మా కరపత్రం, దానిలో మడతపెట్టి డిప్లొమా ఫీజు చలానా. "ఇందులో చూసి వచ్చాం అన్నయ్యా" అంది. నా దగ్గర జవాబు లేదు. మేం నలుగురం చేతి డబ్బు వేసుకొని కట్టేసరికి గడువు దాటి జరిమానా కూడా పడింది. ఎవరూ డబ్బు తినలేదు, లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా "మిగిలిన సొమ్ము" అన్న మాటలో ఉంది. ఉత్సవంలో సొమ్ము ఎప్పుడూ మిగలదు!

మరుసటి ఏడాది రెండు రసీదు పుస్తకాలు వేయించాం. తెల్లది ఉత్సవానికి, ఆకుపచ్చది చదువుకు. ఇచ్చేవారే ఏ పుస్తకంలో రాయాలో చెప్పేవారు. ఆకుపచ్చ పుస్తకం డబ్బు ఏ రోజుది ఆ రోజు వేరే బ్యాంకు ఖాతాలో జమ. తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఆ ఏడాది లైటింగు కాస్త తగ్గింది. కొందరు సణిగారు కూడా. నేను పట్టించుకోలేదు.

సేకరించిన సొమ్మును ఎలా వాడాలన్నదాని మీద కమిటీల్లో ఎప్పుడూ వాదనే. ఉదాహరణకు వెయ్యి ఇళ్లు తలా 100 రూపాయలు ఇస్తే లక్ష అవుతుంది. ఆ ఏడాదే పంచితే ఐదుగురికి 20,000 చొప్పున వస్తుంది, పైఏటికి ఖాతా ఖాళీ. దాన్ని మూలనిధిగా డిపాజిట్ చేస్తే, 7 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 7,000 మాత్రమే వస్తుంది. అది ఒక్క విద్యార్థికి పుస్తకాలకూ హాస్టలు మెస్సుకూ కూడా చాలదు, కానీ ఏటా వస్తుంది. నా మటుకు నేను మొదటి కొన్నేళ్లు సగం పంచి సగం నిలవ చేయడం మేలంటాను. ఇవాళ ఫీజు కట్టలేనివాడికి పదేళ్ల తరువాతి వడ్డీ ఏం ఉపయోగం? మూలనిధికి ఇచ్చేవారు ఆ మాట రాసి ఇవ్వాలి. నోటితో చెబితే ట్రస్టు ఆడిటులో అది మామూలు విరాళంగానే పోతుంది.

వేలంపాటల ఆకర్షణ వేరు. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు. ఆ డబ్బు ఊరి పనులకు వాడుతున్నారు. అది చూసి చిన్న ఊళ్లలోనూ పాటలు పెడుతున్నారు. మంచిదే. అయితే డప్పుల మోతలో పాడిన మొత్తం వసూలయ్యాకే దాన్ని లెక్కలో వేసుకోండి. వసూలు కాకముందే పిల్లలకు మాట ఇవ్వకండి.

తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నకు క్లుప్తంగా సమాధానం. పన్ను మినహాయింపు ఆదాయపు పన్ను శాఖ ఆమోదం పొందిన ట్రస్టుకు ఇచ్చిన విరాళానికే ఉంటుంది. ఊళ్లో పదిమంది కలిసి పెట్టుకున్న కమిటీ రసీదుకు ఉండదు. 2017 ఏప్రిల్ నుంచి 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి మినహాయింపు లేదు, చెక్కుగానో బ్యాంకు బదిలీగానో ఇవ్వాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఎలాగూ వర్తించదు.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఊరి జాతర కథ ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, వాళ్లు చెప్పిన తెలుగులోనే రాసి పెట్టండి. ఏ ఇల్లు అమ్మవారికి పుట్టిల్లు, ఘటం ఎవరెత్తుతారు, ఏ వేషానికి ఏ మొక్కు, ఏ వీధి ఏ ఖర్చు భరించేది, అన్నీ రాయండి. పెద్దవాళ్లు చెప్పింది ఒకరికొకరికి పొంతన కుదరకపోయినా దిద్దకండి, ఇద్దరిదీ రాయండి. తెలుగు లిపి రానివారు కన్నడంలోనో, ఒడియాలోనో, తమిళంలోనో, మరాఠీలోనో రాసి పంపినా ఫరవాలేదు, మేం మార్చుకుంటాం. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు దీనికీ సంబంధం లేదు. రాయకపోతే మార్కులేమీ తగ్గవు.

దరఖాస్తు సంగతి అడుగుతున్నవారికి మాత్రం ఒక మాట. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి. ఫీజు చలానా గడువు తేదీ కనిపించేలా నకలు తీయించి జత చేయండి. ఆ తేదీని బట్టే మేం ముందు ఎవరిది చూడాలో నిర్ణయిస్తాం.