ఎం.జి.బి. కారు ఊపిరి

కమ్మరి కొలిమివద్ద తిత్తి ఊదుట చూచినవారికి నిప్పునకును గాలికిని గల సంబంధమును వేరుగ చెప్పనక్కరలేదు. తిత్తి మందగించినచో బొగ్గు నల్లబడును. బలముగ ఊదినచో ఇనుము తెల్లగ కాగును. మోటారు ఇంజనునందు జరుగునదియు ఇట్టిదే. అయితే కొలిమిలోనికి గాలిని మనము నెట్టుదుము. ఇంజను తన గాలిని తానే పీల్చుకొనును. ఆ పీల్పునకు అడ్డు తగ్గించినచో శక్తి పెరుగునను తలంపుతో, పాత స్పోర్ట్సు కారులను మక్కువతో పోషించుకొనువారు మొదట చేయిపెట్టునది గాలి వడపోత మీదనే. మరలు విప్పుట సులభము, ఖర్చు స్వల్పము. ఫలితము వెంటనే చెవికి వినబడును. ఆ వినబడుటయందే మోసము కలదు.

ఇంగ్లండు దేశపు ఎం.జి.బి. కారును ఉదాహరణగా తీసికొందము. ఆక్స్‌ఫర్డునకు చేరువనున్న అబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు ఈ కారులు ఐదు లక్షలకు పైగా తయారైనవి. ఇంజను 1798 ఘన సెంటీమీటర్లది. తొలి కారులలో అది నిమిషమునకు 5400 చుట్లు తిరుగునపుడు 95 అశ్వశక్తులు ఇచ్చుచుండెను. మన అంబాసిడరు కారును చిరకాలము లాగిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఈ వంశములోనిదే. దాని కార్బ్యురేటరును ఎస్.యు. జాతిదే. కనుక పాత అంబాసిడరు బానెట్టు ఎత్తి చూచినవారికి ఈ సంగతులు బొత్తిగ పరాయివిగ తోచవు.

ఒక లీటరు పెట్రోలు చక్కగ మండవలెనన్న తూకములో దానికి ఇంచుమించు 15 రెట్లు గాలి కావలెను. అనగా సుమారు 11 కిలోల గాలి. కొలతలో 9000 లీటర్లు. ఈ ఇంజను రెండు చుట్లకు ఒకమారు తన కడుపు నిండ గాలి పీల్చవలెను. నిమిషమునకు 5000 చుట్ల వేగమున అది లెక్కకు 4500 లీటర్లగును. నిజముగ లోనికి పోవునది అందులో ఐదింట నాలుగు వంతులే అనుకొన్నను, పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులుగ నున్న గదిలోని గాలి దీనికి ఎనిమిది నిమిషముల గ్రాసము. ఇంత గాలి దూరవలసిన ద్వారములు రెండే, ఒక్కొక్కటి ఒకటిన్నర అంగుళము వ్యాసము గలవి.

ఆ ద్వారములే ఎస్.యు. కార్బ్యురేటరులు. ఎస్.యు. అనగా స్కిన్నర్స్ యూనియన్. దీనిని నెలకొల్పిన స్కిన్నరు సోదరులు పాదరక్షల వర్తకుల కుటుంబములోనివారు. వారి తొలి కార్బ్యురేటరులో గాలిని అనుసరించి పైకి క్రిందికి ఆడు భాగము ఒక తోలు తిత్తి! చెప్పులవారింట పుట్టిన యంత్రమునకు అది తగియే యున్నది. తరువాత తిత్తికి మారుగ లోహపు పిస్టను వచ్చినది. ఇంజను గాలిని ఎక్కువగ కోరినకొలది ఈ పిస్టను పైకి లేచి దారిని విశాలము చేయును. దాని అడుగున బిగించిన సన్నని సూది పెట్రోలు వచ్చు రంధ్రములో దిగియుండును. సూది కొన సన్నము గనుక పైకి లేచినకొలది పెట్రోలునకును దారి పెరుగును. గాలి పెట్రోలు పాళ్లను గాలియే నిర్ణయించుకొను ఈ ఏర్పాటుకన్న సొగసైనది కార్బ్యురేటరులలో మరియొకటి లేదని మా అభిప్రాయము.

ఇక మార్పు సంగతి. కారుతో వచ్చినవి రెండు గుండ్రని రేకు పెట్టెలు; లోపల కాగితపు వడపోత. వాటిని తీసి, నూనె పట్టించిన నూలుగుడ్డ వడపోతలను పలుచని పళ్లెములపై బిగింతురు. బిగించి నడుపగానే ఇంజను గర్జించును. పాత పెట్టెలు ధూళిని ఆపుటయే గాక పీల్పు చప్పుడును కూడ అణచుచుండెడివి. ఆ అణచుట పోయినది, అంతే. చప్పుడు హెచ్చిన కారు వేగము హెచ్చినట్లు తోచుట మానవ సహజము.

గాలికి కావలసినది పెద్ద ద్వారము మాత్రమే కాదు, నున్నని ద్వారము. కుండ అడుగున పదునైన అంచుగల చిల్లు చేసి నీరు వదలినచో ధార ఆ చిల్లుకన్న సన్నబడి పడును. దాని వైశాల్యము చిల్లు వైశాల్యములో ఐదింట మూడు వంతులే. అంచును లోనికి గరాటువలె గుండ్రముగ త్రిప్పినచో ధార దాదాపు నిండుగ వచ్చును. గాలికిని ఇదే ధర్మము. చదునైన పళ్లెమునకు తగిలించిన కార్బ్యురేటరు నోరు పదునైన అంచుతో మిగిలిపోయినచో, ఎంత మంచి వడపోత పెట్టినను గాలి ముడుచుకొనియే పోవును. పెదవి వెలుపలికి ఒంపు తిరిగిన పొట్టి లోహపు గొట్టమును వడపోత లోపల నోటికి బిగించుట దీనికి విరుగుడు. ఆ పెదవికి ఎదురుగ వడపోత మూత మరీ దగ్గరగ ఉండరాదు.

ఇంతకన్న చిన్నది, ఇంతకన్న ప్రమాదకరమైనది మరియొకటి కలదు. పిస్టను లేచుట ఎట్లు? పై గదికి ఇంజను పీల్పు తగులును. అడుగు భాగమునకు బయటి గాలి తగులును. ఆ బయటి గాలి వచ్చుటకు కార్బ్యురేటరు ముఖముపై, నోటిప్రక్కన, చిన్న రంధ్రములు కలవు. గాస్కెట్టును తలక్రిందుగ పెట్టినను, రంధ్రములు లేని పళ్లెమును బిగించినను అవి మూసికొనిపోవును. అపుడు పిస్టను లేవలేదు. మేము చూచిన యొక కారు సరిగ ఇట్లే అయినది. నిలిచియున్నపుడు చక్కగ మ్రోగును. ఏటవాలు ఎక్కవలసి వచ్చినపుడు గొంతు పట్టినట్లు ఆగిపోవును. యజమాని జ్వలన వ్యవస్థను, పెట్రోలు పంపును మార్చి రెండు వారములు గడపెను. తప్పు కాగితపు గాస్కెట్టుది. బిగించుటకు ముందు గాస్కెట్టును, పళ్లెమును ముఖముపై ఆనించి రంధ్రములు తెరచియున్నవా యని కంటితో చూచుటకు అర నిమిషము చాలును.

అడ్డు నిజముగ తగ్గినదనుకొందము. పని ముగిసినట్లు కాదు. పాత వడపోత చేసిన కొద్దిపాటి అడ్డువలన కార్బ్యురేటరు నోటివద్ద పీడనము బయటికన్న తక్కువగ నుండెడిది. పెట్రోలు నిలుచు తొట్టి మాత్రము బయటి గాలికే తెరచియుండును. ఈ తేడా కొంత పెట్రోలును అదనముగ నెట్టుచుండెను. కర్మాగారమువారు సూదిని ఆ లెక్కకే ఎంచిరి. తేడా తగ్గగానే మిశ్రమములో పెట్రోలు తగ్గును. అడుగు మరను త్రిప్పి మందగమనమున సరిచేసినంతమాత్రమున నిండు వేగమున సరిపడదు. అచ్చట సూది ఆకారమే ప్రధానము. కనుక కొంచెము సన్నపు సూది వేయవలెను. పెట్రోలు చాలని మిశ్రమముతో దీర్ఘకాలము వేగముగ నడపినచో ఇంజను వేడెక్కి పొగ కవాటములు కాలిపోవచ్చును. స్పార్కు ప్లగ్గును విప్పి చూచిన తెలియును: గోధుమవన్నె మేలు, తెల్లదనము పెట్రోలు లోపము, మసి దాని ఆధిక్యము. ఈ ఇంజనులో రెండేసి సిలిండరులకు ఒకే గాలి దారి యగుటచే ఒకదాని వంతును మరియొకటి కాజేయును; కావున ఒక్క ప్లగ్గునే చూచి తీర్పు చెప్పరాదు, నాలుగింటిని చూడవలెను.

వేడిమిని గురించి ఒక మాట. ఈ కారులో కార్బ్యురేటరులు పొగ గొట్టములకు సరిగ పైన కూర్చున్నవి. పాత పెట్టెలైనను, కొత్త వడపోతలైనను పీల్చునది బానెట్టు క్రింది వేడి గాలినే. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు కాగినచో నూటికి 9 వంతులు పలుచబడును. వడపోత మార్చి సంపాదించునదానికన్న, ముందు జల్లెడ వెనుకనుండి చల్లని గాలిని గొట్టముద్వారా తెచ్చినచో కలుగు లాభమే తరచు ఎక్కువ. ఇది కంటికి ఆడంబరముగ కనబడదు గనుక కాబోలు, దీని జోలికి పోవువారు తక్కువ.

వడపోతను పూర్తిగ తీసివేసి, తెరచిన గొట్టములతో నడుపువారును కలరు. పందెపు బాటపై ఒక గంటకు అది చెల్లును. రోడ్డు ధూళిలో ఇసుక రేణువులు సిలిండరు గోడలను, పిస్టను కట్లను ఆకురాయివలె అరుగదీయును. అదిగాక ఇంజను ఒక్కొక్కప్పుడు కార్బ్యురేటరుద్వారా మంటను వెనుకకు ఉమ్మును; ఆ మంటను ఆపునది వడపోతయే.

లాభనష్టములు తేల్చుటకు చెవిని నమ్మక గడియారమును నమ్మవలెను. నిర్జనమైన చదును బాటపై, ఒకే గేరులో, గంటకు 30 మైళ్లనుండి 50 మైళ్లకు ఎన్ని సెకండ్లు పట్టినవో మార్పునకు ముందు ఒకమారు, తరువాత ఒకమారు కొలువవలెను. గాలివాటము తేడా పోవుటకు రెండు దిక్కులను నడిపి సగటు తీయవలెను. తేడా కనబడనిచో పాత రేకు పెట్టెలను తిరిగి బిగించుకొనవచ్చును. అందుకొరకై వాటిని మరలతోసహా గుడ్డలో చుట్టి అటకపై భద్రపరచియుండవలెను.