ఇంటిప్రక్క టవరు - ఇంటి వెల

నిజామాబాదు పట్టణమున నేడు మిద్దె లెక్కి చూచినచో గుడిగోపురములకంటె సెల్ టవరులే మిన్నగా కనబడుచున్నవి. వీనివలన ఇండ్ల వెల తగ్గునా యని సోదరీమణులు మమ్ము తరచుగా నడుగుచున్నారు. ఈ ప్రశ్న మగవారిదని త్రోసివేయరాదు. విజ్ఞానేశ్వరుడు మితాక్షరయందు స్త్రీధనమునకు ఎంత విరివియైన అర్థము చెప్పినను, పెక్కురు స్త్రీలకు ఆ ధనమంతయు నొక్క యింటి రూపముననే యున్నది. బడిపంతులుగారి జీతముతో ఏండ్లతరబడి అద్దెయిండ్లలో గడపిన మాకు సొంతయింటి విలువ తెలియును.

మా వీధిలో నొక వితంతువు కూతురి పెండ్లికై ఇల్లు అమ్మజూపెను. బయానా యిచ్చు దినమున కొనువారు డాబాపైకెక్కి, ప్రక్కయింటి మీది టవరును చూచి మరలిపోయిరి. పిమ్మట వచ్చినవాడు వెల తగ్గించి యడిగెను. టవరుగల యింటివారికి నెలనెల అద్దె వచ్చుచున్నది. నష్టము మాత్ర మీమెది.

ఆ భయమునకు ఆధార మెంత? 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము ఈ తరంగములను క్యాన్సరు కలిగింపవచ్చునేమో యను తరగతిలో చేర్చినది; కలిగించునని నిర్ణయింపలేదు. మన ప్రభుత్వము 2012 సెప్టెంబరు 1 నుండి అంతర్జాతీయ పరిమితిలో పదవవంతునే అనుమతించెను. మరియొక సంగతి. తరంగములు సముద్రతీరపు దీపస్తంభపు వెలుగువలె ఎదుటికి పోవునే గాని కాళ్ళక్రిందికి అంతగా దిగవు. కావున టవరు పాదముననున్న యింటికంటె, ఎదురుగా సరియెత్తున నున్న మేడకే యవి ఎక్కువ సోకును.

కొనువాని మనస్సు ఈ లెక్కలను చూడదు. న్యూజీలాండులోని క్రైస్టుచర్చి నగరమును గూర్చి 2005లో వెలువడిన పరిశోధనలో కొన్ని పేటలందు ఇండ్ల వెల నూటికి ఇంచుమించు 20 వంతులు తగ్గెనని తేలినది. అమెరికాలోని ఫ్లోరిడాయందు తగ్గినది నూటికి 2 మాత్రమే!

బోధను సంగతి వేరు. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరున మూతపడినది. శక్కర్‌నగరున ఇంటి విలువను నిలిపినది కర్మాగారపు జీతమే గాని స్తంభము గాదు. చెరకు పొలముల నడుమ వేసిన క్రొత్త ప్లాట్లలో నైతే, సెల్లు పలుకని యింటికి అద్దెకు వచ్చువారే యుండరు. మాకు తోచినంతవరకు నాలుగు వీధుల అవతలి టవరే మేలు; ఆ వీధివారును ఇట్లే తలంతురు గదా!

టవరువారు మీ డాబా నడిగినచో, ఏడాదికి మించిన ఒడంబడికను తప్పక రిజిస్టరు చేయింపుడు. మేడ ఆ బరువు మోయగలదని ఇంజనీరుచే వ్రాయించుకొనుడు. డీజిల్ యంత్రపు మ్రోత ఎవరి పడకగదికి పోవునో చూడుడు. గడువు ముగిసిన పిదప ఇనుము దింపు ఖర్చెవరిదో ముందే వ్రాయించుడు. తరువాత నడిగిన పలుకువా రుండరు.

ఇల్లు అమ్మదలచినవారు తరంగ్ సంచార్ అను ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా రుసుము చెల్లించి తమ యింటివద్ద తరంగములను కొలిపించుకొనవచ్చును. ఆ కాగితమును దస్తావేజులతో కలిపి యుంచినచో బేరమునాడు కొనువారి యెదుట పెట్టుటకు పనికివచ్చును.