కాచిగూడ స్టేషను - స్త్రీల ప్రయాణములు

బడంగ్‌పేట, కర్మన్‌ఘాటు, సరూర్‌నగరు, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములలో కాపురముండు సోదరీమణులకు తిరుపతికి గాని, కర్నూలు వైపు పుట్టింటికి గాని పోవలసివచ్చినపుడు మొదట జ్ఞప్తికి వచ్చునది కాచిగూడ రైలుస్టేషను. పెట్టెలు సర్ది, ఇంటికి తాళమువేసి, ఆటో ఎక్కి, మలకపేట, చాదర్‌ఘాటుల మీదుగా వచ్చి దిగినంతనే గుమ్మటములును మీనారులును ఎదుట నిలుచును. అది కోటయా యని పిల్లలడుగుదురు. బండి వేళ మించిపోవునను తొందరలో తల్లులు ఏదో యొక సమాధానము చెప్పి లోనికి లాగుకొని పోవుదురు. ఆ కట్టడమెవరు కట్టించిరో, అందు మన స్త్రీల కొఱకు ఏమి తలపెట్టిరో తెలిసినవారు తక్కువ. కావున ఈ మాసమున ఆ ముచ్చట కొంత వ్రాయదలచితిమి.

నైజాము రాజ్యమునకు రైలు 1874లో వచ్చెను. బొంబాయి నుండి మద్రాసునకు పోవు పెద్దదారిలోని వాడి జంక్షను నుండి సికిందరాబాదు వఱకు ఆ యేట పట్టాలు పడెను. కొన్నాళ్లకు లండనులో ఒక కంపెనీ యేర్పడి ఈ దారిని తన చేతిలోనికి తీసికొనెను. సొమ్ము పెట్టినవారికి వడ్డీ తప్పక ముట్టునని నైజాము ప్రభుత్వము హామీ యిచ్చినందువలన దానికి గ్యారంటీడ్ స్టేటు రైల్వే యని పేరు. ఈ హామీల బేరము అందఱికిని రుచించలేదు. 1883లో చాందా వఱకు దారి వేయు ప్రతిపాదన వచ్చినపుడు, దాని షరతులను ప్రజల యెదుట పెట్టవలెనని గట్టిగా నడిగినవారిలో అఘోరనాథ చట్టోపాధ్యాయులొకరు. అందులకు ఫలముగా ఆయనను రాజ్యము నుండి వెడలగొట్టిరి. తరువాత మరల రానిచ్చిరి. ఆయన కుమార్తె సరోజినీదేవి, అనగా మన సరోజినీ నాయుడుగారు, అప్పటికి నాలుగేండ్ల బాలిక. రైలుదారి తగవు వలన ఒక యిల్లాలు చంటిబిడ్డలతో ఎన్ని యిక్కట్లు పడెనో చరిత్రకారులు వ్రాయరు గాని, మన పాఠకురాండ్రకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

1889 నాటికి బండ్లు బెజవాడ చేరెను. ఇరువదవ శతాబ్ది మొదట మన్మాడు వైపు మీటరుగేజి దారి, అనగా సన్నపట్టాల దారి, ఏర్పడెను. కాచిగూడ ఈ సన్నపట్టాల దారి మీది స్టేషను.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచివేసినది. ఆ నష్టము తరువాత నగరమును కొత్తగా తీర్చిదిద్దు ప్రయత్నము సాగెను. 1911లో గద్దె నెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయ శిల్పి ఇక్కడికి వచ్చి హైకోర్టు, సిటీ కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి మొదలగు భవనములకు నమూనాలు గీచెను. కాచిగూడ స్టేషను కూడ ఆయన పనియే; 1916లో పూర్తి యయ్యెను. బొగ్గు మసికిని పొగకును నిలయమగు చోట ఇంత సొగసెందులకని ఆనాడు గొణిగినవారు ఉండియే యుందురు. మాకు మాత్రము ఆ వ్యయము వ్యర్థమని తోచదు. ఆసుపత్రి, న్యాయస్థానము, రైలుస్టేషను - బీదయు గొప్పయు అను భేదము లేక అందఱును అడుగుపెట్టు చోట్లు ఇవియే కదా.

కట్టినపుడే ఘోషా స్త్రీలకై ఇందు ప్రత్యేకమైన యేర్పాట్లు చేసిరి. ఇల్లు వెడలని వారు కూడ రైలెక్కుట మొదలుపెట్టిన రోజులవి. పరపురుషుల కంట బడక బండి చేరు మార్గము లేకున్నచో వారిని పెద్దలు పంపెడివారు కారు. ఆ యేర్పాటును చూచి నేటి బాలికలు నవ్వవచ్చును. నిర్బంధమునకు రాతిరూపమని కొందఱందురు. అది కొంత నిజమే. కాని గడప దాటనివారికి మన్మాడో మహబూబునగరో చూచు భాగ్యము దాని వలననే కలిగినదనుట కూడ నిజమే.

అయితే తెర యెవరికి? మేనాలలోను గుఱ్ఱపుబండ్లలోను వచ్చు వారికి. నెత్తిన గంప, చంకను బిడ్డతో మూడవ తరగతిలో దూరునామెకు ఏ తెరయు లేదు. ఆమెను తలచుకొన్నది భవనము కాదు, చట్టము. బ్రిటిషు ఇండియాలో 1890లో చేసిన రైల్వే చట్టము, ప్రయాణికులను గొనిపోవు ప్రతి బండిలోను స్త్రీలకై కనీస మొక గది ప్రత్యేకింపవలెననియు, అదియు అన్నిటికంటె తక్కువ తరగతిలోనే యుండవలెననియు విధించెను. బండి ఏబది మైళ్లకు మించి పోవునదైనచో ఆ గదికి మరుగుదొడ్డి తప్పక యుండవలెను. తెలిసియు అందు చొరబడు పురుషునకు నూఱు రూపాయల వఱకు జరిమానా. ఆ రోజులలో నూఱు రూపాయలనగా సామాన్యమా!

ఏబది మైళ్ల లెక్క పెట్టినవారు బిడ్డల నెత్తుకొని ప్రయాణము చేసియుండరని మా యనుమానము. నెమ్మదిగా సాగు బండికి నలువది మైళ్లు పోవుటకే రెండు మూడు గంటలు పట్టెడిది. అయినను గుమ్మటముల కంటె ఈ యొక్క వాక్యమునకే మేము ఎక్కువ విలువ కట్టుదుము. గుమ్మటము కంటికింపైనది, ఈ వాక్యమో, అర్ధరాత్రి కూలిపనికి పోవు స్త్రీకి తలుపు గడియ వంటిది.

పిమ్మట రైల్వే చేతులు మారినది. 1930లో నైజాము ప్రభుత్వమే కంపెనీ నుండి దానిని కొనెను. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసెను. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే యేర్పడినది. 1990 తరువాతి సంవత్సరములలో సన్నపట్టాలు పోయి పెద్దపట్టాలు వచ్చినవి. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. నగరపు బండ్లు మొదలయ్యెను. సికిందరాబాదు, ఫలక్‌నుమాల నడుమ తిరుగునవి కాచిగూడలో ఆగును. వానిలో స్త్రీలకు ప్రత్యేకపు పెట్టె కలదు. తూర్పు పేటల నుండి ఉద్యోగమునకు పోవు సోదరీమణులు కొందఱు మలకపేటలో ఎక్కుదురు. దిల్‌సుఖ్‌నగరునకు మెట్రో వచ్చినది గాని అది కాచిగూడ స్టేషనును తాకదు గనుక, సామానున్నపుడు ఆటోయే గతి. 2023 సెప్టెంబరు 24న ఇక్కడి నుండి బెంగుళూరు వద్దనున్న యశ్వంతపురమునకు వందేభారత్ బండి ప్రారంభమైనది. సుమారు 610 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటల ప్రయాణము. తిరుపతి, చిత్తూరులకు పోవు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ సంగతి చెప్పనేల, దాని నెఱుగని ఇల్లు లేదు.

దుఃఖకరమగు దినమొకటి కూడ ఈ స్టేషను చరిత్రలో నున్నది. 2019 నవంబరు 11న ఉదయము ఒక ఎం.ఎం.టి.ఎస్. బండి కర్నూలు నుండి వచ్చిన హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొనెను. పలువురు గాయపడిరి. నగరపు బండి నడపు వ్యక్తి నలిగిన గదిలో గంటల తరబడి చిక్కుకొని, వెలికి తీసిన పిదప కొన్ని దినములకు ఆసుపత్రిలో కన్నుమూసెను. బండి దిగునపుడు, ముందుపెట్టెలో కూర్చుండి మనలను గమ్యము చేర్చిన మనుష్యుని ముఖమైనను మనము చూడము.

ఇక నేడు స్త్రీలకున్న సౌకర్యములు తెలియక నష్టపోవువారు పెక్కుమంది గలరు. దూరము పోవు మెయిలు, ఎక్స్‌ప్రెస్ బండ్ల స్లీపరు తరగతిలో ఒంటరిగా గాని, స్త్రీలే కూడి గాని పోవువారికి ఆఱు పడకలు కోటాగా నుంచిరి. దీనికి వయసుతో నిమిత్తము లేదు. గర్భవతులకును, నలుబదియైదేండ్లు నిండిన స్త్రీలకును, వృద్ధులకును క్రింది పడకల కోటా వేఱుగా నున్నది. టిక్కెట్టు కొనునపుడే అడుగవలెను.  గర్భవతులు వైద్యుని పత్రము వెంట నుంచుకొనుట మేలు.

పాత చట్టము స్థానమున 1989లో కొత్త చట్టము వచ్చెను. స్త్రీలకు గది గాని పడకలు గాని కేటాయింపవలెనను నియమము అందును నిలిచినది. దానిలో మఱియొక నియమమును ప్రతి తల్లియు తన కుమార్తెకు చెప్పి పంపవలెను. టిక్కెట్టు లేదన్న కారణమున, తోడు పురుషుడు లేని స్త్రీని గాని బిడ్డను గాని ఎక్కడబడిన అక్కడ దింపివేయరాదు. ఆమె బయలుదేరిన స్టేషనులోనో, జంక్షనులోనో, బండి చివరి స్టేషనులోనో, జిల్లా ముఖ్యపట్టణములోనో మాత్రమే దింపవలెను, అదియు పగటివేళనే. టిక్కెట్టు పోగొట్టుకొన్న పిల్ల నడిరాత్రి ఏ నిర్జనమైన స్టేషనులోనో నిలువకుండుటకే ఈ జాగ్రత్త. ఆ నియమమున్న సెక్షను సంఖ్య 139. రైలులో ఆపద కలిగినపుడు ఫోను చేయవలసిన సంఖ్యయు 139యే.