కొల్లేరు చూడాలంటే కారే కావాలా?

పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. ఎక్కడెక్కడి నుంచో పక్షులు వెతుక్కుంటూ వచ్చే కొల్లేరు సరస్సు మన ఏలూరు పక్కనే ఉంది. కానీ ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న మనలో ఎంతమంది దాన్ని చూశాం? చూడనివాళ్లను అడిగితే చాలామంది చెప్పే కారణం ఒక్కటే: "కారు మాట్లాడుకోవాలి కదా, అంత డబ్బు ఎక్కడిది?" సెలవులకు ఊళ్లోకి చుట్టాలు వచ్చినప్పుడూ ఇదే మాట. కిరాయి ఎంతో వినగానే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

నిజానికి కొల్లేరు ఖరీదైన చోటు కాదు. దాన్ని ఖరీదు చేస్తున్నది మనం ప్రయాణం చేసే పద్ధతి. కారు కిరాయిలో మనం దేనికి డబ్బు ఇస్తున్నామో, అదే దారిని తక్కువ ఖర్చుతో ఎలా వెళ్లవచ్చో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందు దారి తెలియాలి

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లపు ప్రాంతంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు తెచ్చిన నీళ్లు ఇందులో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తాయి. 1999లో దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సార్ జాబితాలో చేరింది.

చూడడానికి వచ్చేవారు ఎక్కువగా వెళ్లేవి రెండు చోట్లు. ఒకటి కైకలూరు దగ్గరున్న ఆటపాక పక్షుల కేంద్రం. అక్కడ గూడబాతులు గూళ్లు కట్టుకోవడానికి అటవీశాఖ వారు నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. ఎర్రకాళ్ల కొంగలు కూడా కనిపిస్తాయి. రెండోది కొల్లేటికోట పెద్దింట్లమ్మ అమ్మవారి గుడి. ఈ రెండింటికీ కైకలూరే కూడలి. ఏలూరు నుంచి కైకలూరుకు సరస్సు మీదుగా రోడ్డు ఉంది. దూరం సుమారు ముప్పై కిలోమీటర్లు. రెండు చోట్లూ చూసి తిరిగి ఏలూరు చేరినా వంద కిలోమీటర్లు దాటదు. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

కారు కిరాయిలో ఏమేం ఉంటాయి?

"కిలోమీటరుకు ఇంత" అని చెప్పగానే మనం తిరిగే కిలోమీటర్లతో గుణించుకుని సంతోషపడతాం. చివర బిల్లు చూసి కంగారు పడతాం. ఎందుకంటే కిరాయిలో కిలోమీటరు రేటు ఒక భాగం మాత్రమే.

మొదటిది, రోజు కనీస దూరం. ఊరు దాటి వెళ్లే ప్రయాణానికి ట్రావెల్స్ వారు రోజుకు 250 గానీ 300 గానీ కిలోమీటర్లు కనీసంగా లెక్కగడతారు. మీరు తొంభై కిలోమీటర్లే తిరిగినా 250 కిలోమీటర్ల డబ్బు ఇవ్వాలి. రోజంతా బండి మీ దగ్గరే ఉండి వేరే బేరానికి పోలేదు కాబట్టి ఇది వారి లెక్క. దూర ప్రయాణానికి ఇది సరిపోతుంది. కొల్లేరు వంటి దగ్గర ప్రయాణానికి మాత్రం మనం తిరగని దూరానికే సగం పైగా డబ్బు పోతుంది.

రెండోది, డ్రైవర్ బత్తా. అంటే డ్రైవర్ భోజనానికీ, రాత్రి ఉండిపోతే బసకూ ఇచ్చేది. మూడోది టోల్‌గేటు రుసుము, పార్కింగు. విజయవాడ నుంచి ఏలూరు వచ్చే చుట్టాలకు జాతీయ రహదారి మీద కలపర్రు దగ్గర టోల్‌గేటు తగులుతుంది. ఇవి కిరాయిలో కలిశాయో, విడిగా ఇవ్వాలో ముందే అడగాలి. నాలుగోది, ఒకవైపుకే మాట్లాడుకుంటే బండి ఖాళీగా తిరిగి వెళ్లే ఖర్చు. పేరు చెప్పకపోయినా అది కిరాయిలోనే కలిసి ఉంటుంది.

కారు తప్పనిసరి అయితే "రోజు కిరాయి" అనకుండా "ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు" వంటి ప్యాకేజీ ఉందేమో అడగండి. గంట దాటితే ఎంత, కిలోమీటరు దాటితే ఎంత అన్నది కూడా అప్పుడే అడిగి కాగితం మీద రాసుకోండి. బండి నంబరు పలక కూడా చూడండి. పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే అది కిరాయికి తిప్పే అనుమతి ఉన్న బండి. తెల్ల పలక ఉంటే సొంత వాడకానికి రిజిస్టరు చేసింది. తెల్ల పలక బండి చవకగా దొరకవచ్చు గానీ, కిరాయికి తీసుకుపోతుండగా ప్రమాదం జరిగితే బీమా డబ్బు దగ్గర చిక్కులు వస్తాయి.

దారిని ముక్కలు చేసుకుందాం

చవక ప్రయాణంలో కిటుకు ఒక్కటే. పొడుగు దారికి బస్సో రైలో, చివరి కొద్ది దూరానికి మాత్రమే ఆటో. మొత్తం దారికి ఒకే బండి పెట్టుకుంటే మొత్తం దారికీ కారు రేటు పడుతుంది. ముక్కలు చేస్తే ఖరీదైన ముక్క చిన్నదైపోతుంది.

ఏలూరు వారికి దారి తేలిక. ఊళ్లో పాత బస్టాండు, కొత్త బస్టాండు అని రెండున్నాయి. కైకలూరు బస్సు ఎక్కడ ఎక్కాలో, తిరిగి వచ్చే చివరి బస్సు ఎన్ని గంటలకో ముందురోజే విచారణ కిటికీ దగ్గర అడిగి పెట్టుకోవాలి.

తాడేపల్లిగూడెం వారికి రెండు దారులున్నాయి. ఒకటి ఏలూరు వచ్చి అక్కడి నుంచి కైకలూరు. గూడెం, ఏలూరు రెండూ విజయవాడ - విశాఖపట్నం రైలు మార్గం మీదే ఉన్నాయి కాబట్టి పాసింజరు రైలు చాలా చవక. కోవిడ్ కాలంలో 30 రూపాయలకు పెరిగిన పాసింజరు కనీస ఛార్జీని 2024లో మళ్లీ 10 రూపాయలకు తగ్గించారు. రెండో దారి, బస్సులో భీమవరం వెళ్లి అక్కడి నుంచి ఆకివీడు మీదుగా కైకలూరు. కైకలూరు స్టేషన్ గుడివాడ - భీమవరం రైలు మార్గం మీద ఉంది. బస్సు వచ్చే రోడ్డు కూడా దాదాపు ఆ రైలు పట్టాల వెంబడే సాగుతుంది. భీమవరంలో టౌన్, జంక్షన్ అని రెండు రైల్వే స్టేషన్లున్నాయి. మన రైలు ఎక్కడ ఆగుతుందో అడిగి మరీ వెళ్లాలి.

ఇక అక్కచెల్లెళ్లకు ఒక మంచి అవకాశం ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్ర మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు ఆర్టీసీ పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణం చేయవచ్చు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. ఉచితమే కదా అని టికెట్టు తీసుకోకుండా కూర్చోకూడదు. సూపర్ లగ్జరీ వంటి బస్సులకు ఇది వర్తించదు.

చివరి మైళ్లు - ఆటో

కైకలూరులో దిగిన తర్వాతే అసలు బేరం మొదలవుతుంది. ఆటపాక దగ్గరే, రెండు కిలోమీటర్లు. ఉదయం చల్లగా ఉంటే నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోవచ్చు. కొల్లేటికోట మాత్రం నడక దూరం కాదు. షేర్ ఆటో దొరికితే తలకు ఇంతని ఇచ్చి వెళ్లవచ్చు. దొరక్కపోతే ఆటో మాట్లాడుకోవాలి.

ఇక్కడ మూడు మాటలు ముందే తేల్చుకోవాలి. ఒకటి, చెప్పిన కిరాయి మనిషికా, ఆటో మొత్తానికా? రెండు, వెళ్లడానికేనా, తిరిగి తీసుకురావడానికి కూడానా? మూడు, అక్కడ ఎంతసేపు ఆగుతారు? గొడవలన్నీ ఈ మూడు ప్రశ్నలు అడగకపోవడం వల్లే వస్తాయి. లంక గ్రామాల వైపు తిరుగు ఆటో దొరకడం కష్టం. దించేసి వెళ్లిపోమంటే ఆ పూటకు చవకగా అనిపిస్తుంది గానీ, సాయంత్రం రోడ్డు మీద నిలబడి అడిగినంత ఇచ్చుకోవలసి వస్తుంది. కాబట్టి రెండు చోట్లూ చూపించి తిరిగి కైకలూరు బస్టాండులో దించేలా ఒకేసారి మాట్లాడుకోవడం మేలు. నగరాల్లోలా ఫోనులో యాప్ నొక్కితే బండి వస్తుందని లంకల్లో నమ్ముకోవద్దు.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు ముగ్గురు స్నేహితులు ఏలూరు నుంచి వెళుతున్నారనుకుందాం. కింది రేట్లు లెక్క తెలియడం కోసం వేసుకున్నవే. మీరు వెళ్లే రోజున ఉన్న రేట్లు కనుక్కుని ఇదే పద్ధతిలో లెక్క కట్టుకోండి.

రోజు కిరాయి కారు: కిలోమీటరుకు 12 రూపాయల చొప్పున కనీసం 250 కిలోమీటర్లకు 3000, బత్తా 300. మొత్తం 3300. మనిషికి 1100 రూపాయలు.

ప్యాకేజీ కారు: ప్యాకేజీ 1900, అదనపు కిలోమీటర్లకు 200. మొత్తం 2100. మనిషికి 700 రూపాయలు.

బస్సు, ఆటో: బస్సు టికెట్టు 50 చొప్పున ముగ్గురికీ రానూపోనూ 300. కైకలూరులో పూట ఆటో 750. మొత్తం 1050. మనిషికి 350 రూపాయలు. ముగ్గురూ అమ్మాయిలైతే బస్సు ఖర్చు లేదు కాబట్టి మనిషికి 250 రూపాయలే.

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. ఒక్కరే వెళితే ఆటో 750 రూపాయలూ ఒక్కరి మీదే పడుతుంది. బస్సుతో కలిపి 850 అవుతుంది. కాబట్టి ఒంటరిగా వెళ్లేవారు షేర్ ఆటోనే నమ్ముకోవాలి, లేదా తోడు వెతుక్కోవాలి.

ఆటో అన్న వైపు నుంచి కూడా

చవక అంటే ఎదుటివాడి కడుపు కొట్టడం కాదు. మన హాస్టళ్లలో ఉన్నవారిలో ఆటో నడిపే నాన్నలు, అన్నలు ఉన్నవారు తక్కువేమీ కాదు. ఆటో అన్న చెప్పే కిరాయిలో డీజిలో గ్యాసో, బండి మీద అప్పు వాయిదా, బీమా, రిపేర్లు, స్టాండులో ఖాళీగా గడిచిన గంటలు అన్నీ కలిసి ఉంటాయి. ఉచిత బస్సు వచ్చాక తమ బేరాలు తగ్గాయని ఆటోవాళ్లు బాధపడ్డారు. 2025 అక్టోబరు 4న ప్రభుత్వం ఆటో డ్రైవర్ల సేవలో అనే పథకం పెట్టి ఏడాదికి 15,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది.

బస్సుకు, ఆటోకు పోటీ ఉండవలసిన పని లేదు. బస్సు దిగినవారికి చివరి మైళ్లు చూపించేది ఆటోయే. కారులో వచ్చినవారు కైకలూరులో ఆగకుండానే వెళ్లిపోతారు. బస్సులో వచ్చినవారు అక్కడ టీ తాగుతారు, టిఫిన్ తింటారు, ఆటో ఎక్కుతారు. మనం మిగుల్చుకున్నది పోగా, ఖర్చుపెట్టిన డబ్బు కొల్లేటి ఊళ్లవారికే చేరుతుంది. అందుకని బేరం ఆడండి, కానీ ఒకసారి ఒప్పుకున్నాక దిగేటప్పుడు మళ్లీ తగ్గించమని పేచీ పెట్టవద్దు.

కారు ఎప్పుడు మేలు?

నడవలేని పెద్దవారు, చంటిపిల్లలు ఉన్నప్పుడు కారే సుఖం. ఒకే రోజులో కొల్లేరు, ద్వారకా తిరుమల, గుంటుపల్లి బౌద్ధ గుహలు మూడూ చూడాలన్నా కారే మంచిది. అప్పుడు 250 కిలోమీటర్ల కనీస దూరానికి న్యాయం జరుగుతుంది. ఆరేడుగురు కలిసి పెద్ద బండి మాట్లాడుకుంటే మనిషికి పడేది కూడా తగ్గుతుంది.

హాస్టల్ అంతా కలిసి వెళ్లాలంటే ఆర్టీసీ వారు బస్సును కిరాయికి ఇస్తారు. ముందుగా డిపోలో అడిగి, డిపాజిట్టు కట్టాలి. నలభై మంది పంచుకుంటే తలకు పడేది కారు కంటే ఎంతో తక్కువ. వార్డెన్ గారి అనుమతితో నెల ముందే ఏర్పాటు చేసుకుంటే ఇబ్బంది ఉండదు.

జాగ్రత్తలు

చవకగా వస్తుందని ఆటోలో పర్మిట్టుకు మించి ఎక్కవద్దు, పక్కన వేలాడవద్దు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే ఒడ్డునే ఉండండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని మనం మరచిపోకూడదు.

అక్టోబరు నుంచి మార్చి వరకు పక్షులు చూడడానికి మంచి కాలం. ఉదయాన్నే చేరితే పక్షులూ బాగా కనిపిస్తాయి, తిరుగు బస్సుకు తొందరా ఉండదు. ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో జనం కిటకిటలాడతారు, ఆటోల రేట్లూ పెరుగుతాయి. జాతరకు ఆర్టీసీ వేసే ప్రత్యేక బస్సుల గురించి కనుక్కోండి. వర్షాకాలంలో మాత్రం దారి సంగతి తెలుసుకునే బయలుదేరాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకు చేరినప్పుడు ఏలూరు - కైకలూరు రోడ్డు చినఎడ్లగాడి దగ్గర నీట మునిగి రాకపోకలు ఆగిపోయాయి.

మిత్రులారా! మన ఊరి పక్కనున్న సరస్సును పుస్తకంలో బొమ్మ చూసి పరీక్షలో రాయడం ఒకటి. గూడబాతు రెక్కలు విప్పి నీళ్ల మీద వాలడాన్ని కళ్లారా చూడడం ఒకటి. ఆ రెండోది డబ్బున్నవారి పిల్లలకే అనుకోనక్కర్లేదు. వచ్చే సెలవుల్లో ముగ్గురు కలవండి, కాగితం తీసుకుని లెక్క వేసుకోండి, అమ్మానాన్నలకు చెప్పి పొద్దున్నే మొదటి బస్సు ఎక్కండి.