పానా పట్టండి... ఆ తర్వాత కొండెక్కండి!

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అంతా నల్లమల అడవే. పులులు తిరిగే చోటు కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. చాలాచోట్ల ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. సాయంత్రం ఏడింటికి ఆ దారి మధ్యలో బైకు వెనక చక్రం పంక్చరైందనుకోండి. స్పోక్ చక్రం, లోపల ట్యూబు. కారుకున్నట్టు స్టెప్నీ లేదు. అప్పుడు మీకు పనికొచ్చేది హ్యాండిల్‌కి బిగించిన ఖరీదైన లైట్లు కాదు, సీటు కింద రెండు టైర్ లీవర్లు ఉన్నాయా లేదా అన్నదే లెక్క.

అడ్వెంచర్ బైకు కొన్నవాళ్లలో చాలామంది ముందు పెట్టెలు, లైట్లు, స్టిక్కర్లు కొంటారు. పంపు, లీవర్లు ఆఖర్న గుర్తొస్తాయి. ఆ వరస తిరగేయాలి. బండి మీద ఇంట్లోనే చేసుకోదగ్గ పనులు చాలా ఉన్నాయి. కొన్ని పనుల జోలికి మాత్రం ఇంట్లో అస్సలు పోకూడదు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో చూద్దాం. ఉదాహరణకి మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411నే తీసుకుందాం.

బండి ఒంటి తీరు తెలుసా?

2016లో వచ్చిన ఈ బండికి 411 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్. గాలి, ఆయిలే దాన్ని చల్లబరుస్తాయి. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది. మొదటి బళ్లకి కార్బ్యురేటర్, 2017 నుంచి ఫ్యూయల్ ఇంజెక్షన్. 2023 చివర్లో దీని స్థానంలో 452 సీసీ ఇంజిన్‌తో హిమాలయన్ 450 వచ్చింది. కొత్తదానికి రేడియేటర్, ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్నాయి కాబట్టి ఇంట్లో కెలకడానికి కాస్త తక్కువ చోటుంది. పాత 411 మాత్రం పానా పట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లకి మంచి బడి. దానికి సెంటర్ స్టాండ్ కంపెనీ నుంచే వస్తుంది. వెనక చక్రం గాల్లోకి లేస్తే సగం పని అయిపోయినట్టే.

బండితో ఇచ్చిన పుస్తకాన్ని బీరువాలో దాచకుండా ఒకసారి పూర్తిగా చదవండి. చైన్ ఎంత వదులుండాలి, టైర్లలో గాలి ఎంత, ఏ నట్టు ఎంత బలంతో బిగించాలి... అన్నీ అందులోనే ఉంటాయి. ఎవరో చెప్పిన లెక్క కంటే అది నమ్మదగ్గది.

చైన్: వేళ్లు జాగ్రత్త

దూరాలు తిరిగే బండికి ఐదారు వందల కిలోమీటర్లకోసారి చైన్ శుభ్రం చేసి ల్యూబ్ వేయాలి. వానలో తడిసినా, ఇసుకలో నడిచినా ఆ సాయంత్రమే చేస్తే మంచిది. ఈ తరహా చైన్లలో లింకుల మధ్య సన్నని రబ్బరు రింగులుంటాయి. పెట్రోలు పోస్తే అవి పాడవుతాయి. కిరోసిన్ గానీ చైన్ క్లీనర్ గానీ వాడి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ల్యూబ్‌ని చైన్ లోపలి వైపు కొట్టాలి. చక్రం తిరిగేటప్పుడు అది తనంతట తానే బయటికి పాకుతుంది.

ఇక్కడ ఒక్క నియమం కచ్చితంగా పాటించాలి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ ఆన్ చేసి, గేరు వేసి, తిరుగుతున్న చైన్‌కి గుడ్డ పట్టుకునేవాళ్లున్నారు. ఆ గుడ్డ చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య చిక్కితే వేలు కూడా దాంతోనే పోతుంది.

చైన్ వదులుని ఒక్కచోట చూసి వదిలేయొద్దు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోటు లెక్కలోకి తీసుకోవాలి. మరీ బిగిస్తే చైన్ అరగడంతో ఆగదు, గేర్‌బాక్స్ బేరింగుల మీదా భారం పడుతుంది. రెండు వైపులా అడ్జస్టర్ గీతలు సమానంగా ఉంటేనే చక్రం నిటారుగా ఉన్నట్టు.

పంక్చర్: అసలు పరీక్ష ఇదే

మన పల్లె దారుల్లో సర్కారు తుమ్మ ముల్లు చాలు, ట్యూబు కథ ముగియడానికి. పద్ధతి తెలిస్తే మొదటిసారి గంట పడుతుంది, అలవాటైతే అరగంట.

వెనక చక్రం నేల మీద ఉన్నప్పుడే యాక్సిల్ నట్టు కాస్త వదులు చేయండి. గాల్లో ఉన్న బండి మీద బలం ప్రయోగిస్తే అది స్టాండు దిగి పడొచ్చు. ఆ తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, చక్రం ముందుకి తోసి చైన్ తప్పించి, యాక్సిల్ లాగేయండి. చక్రం బయట ఉన్నంతసేపూ బ్రేకు తొక్కకూడదు. తొక్కితే ప్యాడ్లు దగ్గరైపోయి డిస్క్ మళ్లీ లోపలికి దూరదు. వాటి మధ్య మడిచిన అట్టముక్క ఒకటి పెట్టేస్తే నిశ్చింత.

వాల్వ్ కోర్ తీసి గాలి మొత్తం వదిలేయండి. టైరు అంచు రిమ్‌కి అతుక్కుని ఉంటుంది, కాళ్లతో తొక్కితే ఊడుతుంది. తోటి రైడర్ ఉంటే అతని బండి సైడ్ స్టాండుని టైరు అంచు మీద ఆన్చి బరువు వేసినా సరే. కిటుకంతా ఇక్కడే ఉంది. లీవర్ పెట్టిన చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న టైరు అంచుని రిమ్ మధ్యలో ఉండే పల్లంలోకి మోకాలితో నొక్కి ఉంచాలి. అప్పుడు ఇటువైపు వదులొస్తుంది. అది చేయకుండా బలం చూపిస్తే లీవరన్నా వంగుతుంది, ట్యూబన్నా చిరుగుతుంది. ఒకేసారి జానెడు లేపాలనుకోకుండా రెండు మూడు అంగుళాల చొప్పున ముందుకెళ్లండి.

ట్యూబు తీశాక టైరు లోపల గుడ్డతో చుట్టూ తడమండి. వేలితో తడిమితే ముల్లు గుచ్చుకోవచ్చు, గుడ్డయితే దానికి పట్టుకుంటుంది. ఆ ముల్లు తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది కిలోమీటర్లలో మళ్లీ ఇదే పని. కొత్త ట్యూబుకి పౌడర్ రాసి, కొంచెం గాలి కొట్టి గుండ్రంగా అయ్యాక ఎక్కిస్తే లీవరు కింద నలగదు. చివర్లో టైరు అంచున ఉండే సన్నని గీత రిమ్ చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో చూసుకోండి. బిగించాక కదిలేముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. ఇది మర్చిపోతే మొదటి మలుపులోనే బ్రేకు పడదు.

రెండు సైజుల ట్యూబులూ వెంట ఉండాలి. చోటు చాలకపోతే 21 అంగుళాల ట్యూబు ఒక్కటి పెట్టుకోండి. అవసరానికి వెనక చక్రంలోనూ సర్దుకుంటుంది, తర్వాతి ఊరి దాకా తీసుకెళ్తుంది.

పైసా ఖర్చు లేని చిట్కాలు

క్లచ్ కేబుల్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. కొత్త కేబుల్‌ని బ్యాగులో పెట్టుకోవడం కంటే, పాతదాని పక్కనే అదే దారిలో పరిచి, రెండు చివర్లకీ టేపు చుట్టి జిప్ టైలతో కట్టేయండి. తెగిన రోజున రెండు చివర్లు మార్చుకుంటే చాలు, ట్యాంకు విప్పే పని ఉండదు.

ఎగుడుదిగుడు దారుల్లో నట్లు వదులవడం మామూలే. ముఖ్యమైన నట్టు సరిగ్గా బిగించాక, దాని మీంచి ఫ్రేమ్ మీదికి గోళ్ల రంగుతో చిన్న గీత గీయండి. రోజూ పొద్దున ఒక చూపు చూస్తే సరిపోతుంది. గీత చీలి కనిపిస్తే నట్టు కదిలినట్టే.

పాత ట్యూబు పారేయొద్దు. అడ్డంగా కోస్తే ఎంత లాగినా తెగని రబ్బరు బ్యాండ్లు డజన్ల కొద్దీ వస్తాయి. ఇసుకలో, బురదలో సైడ్ స్టాండ్ దిగబడుతుంటే అరచేయంత మందపాటి రేకు ముక్క దాని పాదానికి వెల్డింగ్ చేయించుకోవచ్చు. బండి మీద ఎలక్ట్రిక్ వెల్డింగ్ చేయించేముందు మాత్రం బ్యాటరీ నెగెటివ్ వైరు, ఈసీయూ కనెక్టరు తీసేయమనండి. వీలైతే ఆ భాగాన్నే విప్పి తీసుకెళ్లండి. ఈసీయూ కాలితే రేకుముక్క ఆదా ఏ మూలకీ రాదు.

లైట్లా? ముందు లెక్క కట్టండి

పొగమంచులో లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్లకి అదనపు లైట్లు పనికొస్తాయి. కానీ హెడ్‌లైట్ వైరు కోసి అందులోంచి కరెంటు లాగడం తప్పు. లెక్క చిన్నదే. వాట్లని 12తో భాగిస్తే ఆంపియర్లు. 40 వాట్ల లైట్లు రెండంటే 80 వాట్లు, దాదాపు 6.7 ఆంపియర్లు. దానికి 10 ఆంపియర్ల ఫ్యూజు, ఆ కరెంటుని తట్టుకునే మందం ఉన్న వైరు కావాలి.

బ్యాటరీ పాజిటివ్ నుంచి నేరుగా ఒక వైరు తీసి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టి, రిలే ద్వారా లైట్లకి ఇవ్వాలి. ఫ్యూజు దూరంగా ఉంటే మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు. మంట పెట్రోలు ట్యాంకు కిందే మొదలవుతుంది. రిలేని మేల్కొలిపే సన్న వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటు నుంచి తీసుకోండి. అప్పుడు లైట్లు ఆపడం మర్చిపోయినా పొద్దుటికి బ్యాటరీ దిగిపోదు. హ్యాండిల్ తిరిగే చోట వైరు బిగుతుగా ఉండకూడదు. ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొట్టకుండా లైట్లని కిందికి వంచడం మన బాధ్యత.

బరువు ఎక్కడ పెడుతున్నారు?

ఈ బండే దాదాపు 190 నుంచి 200 కిలోలు. దానికి మీరు, సామాను. బరువైనవి ఎంత కింద, ఎంత ముందుకి ఉంటే బండి అంత నిలకడగా ఉంటుంది. పనిముట్లు, నీళ్లు పక్క పెట్టెల అడుగున, బట్టలు పైన. వెనకాల ఎత్తుగా ఉండే టాప్ బాక్సులో బరువు కుక్కితే వేగంలో హ్యాండిల్ వణుకుతుంది. పాత బళ్లు మనాలి నుంచి లేహ్‌కి వెళ్తుంటే తాండి దగ్గర కనిపించే బోర్డు చాలామందికి గుర్తు: తర్వాతి బంకు 365 కిలోమీటర్లని. అలాంటి దారికి అదనపు పెట్రోలు అవసరమే. కానీ ఇంటి దగ్గర్నుంచే డబ్బా నింపుకుని రెండు వేల కిలోమీటర్లు మోయక్కర్లేదు, ఆఖరి బంకులో నింపుకోండి.

ఎత్తులో, ఏట్లో

ఖార్దుంగ్ లా ఎత్తు 17,582 అడుగులు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. బండి ఆయాసపడటం సహజం, అది జబ్బు కాదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి పెట్రోలుని తానే తగ్గించుకుంటుంది. బలం పెరుగుతుందని ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే లోపలికి వెళ్లేది దుమ్మే, ఆ దుమ్ము సిలిండర్‌ని గీకేస్తుంది.

వాగు దాటుతుంటే బండి పడి ఇంజిన్ ఆగిందా? వెంటనే స్టార్ట్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి, దాని వైరు దూరంగా పెట్టి, ఇంజిన్ని తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే మార్చాకే ముందుకి కదలాలి.

వీటి జోలికి మాత్రం వెళ్లొద్దు

ఆయిల్, ఫిల్టర్, ప్లగ్, చైన్, కేబుళ్లు... ఇవి నేర్చుకోవచ్చు. ఆయిల్ మార్చేటప్పుడు కింద ఉండే డ్రెయిన్ నట్టుని బలమంతా పెట్టి బిగించొద్దు. అది దిగేది అల్యూమినియంలోకి, మర పోతే పెద్ద ఖర్చు. బలం కొలిచే టార్క్ రెంచ్ ఒకటి ఉంటే మనశ్శాంతి.

ఏబీఎస్, బ్రేకు లోపలి భాగాలు, ముందు ఫోర్కు, స్టీరింగ్ బేరింగులు, వాల్వ్ సర్దుబాటు తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్పించాలి. పాతబడ్డది పొడుగాటి ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగి, లీవరు మెత్తగా లోపలికి పోతుంది. అది లోయ పక్కన తెలిసే విషయం కాకూడదు.

చట్టం ఏమంటుంది?

కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. విశాఖలో పోలీసులు చెవులు చిల్లులు పడే సైలెన్సర్లని రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు చూసే ఉంటారు. పైగా ప్రమాదం జరిగితే, అనుమతి లేని మార్పుని చూపించి బీమా కంపెనీ పేచీ పెట్టే అవకాశం ఉంది. పెద్ద మార్పేదైనా చేసేముందు రవాణా శాఖనీ, బీమా ఏజెంటునీ అడగడం మేలు.

ఈ ఆదివారం ఏం చేయాలంటే...

చదివినంత మాత్రాన చెయ్యి తిరగదు. ఇంటి ముందు నీడలో బండికి సెంటర్ స్టాండ్ వేయండి. మీరు వెంట తీసుకెళ్లే పనిముట్లతోనే, ఇంట్లోని పెద్ద పానాలు ముట్టకుండా, వెనక చక్రం విప్పి ట్యూబు తీసి మళ్లీ ఎక్కించండి. ఏ పానా సరిపోలేదో, ఏ నట్టు తుప్పు పట్టి మొరాయించిందో అప్పుడే తెలుస్తుంది. విప్పిన నట్లు ఒక పళ్లెంలో వరసగా పెట్టుకోండి. పక్కన పిల్లలుంటే గుడ్డ పట్టుకోమనండి, వాళ్లకీ సరదా. బిగించాక పుస్తకం చూసి సరిచూసుకుని, వీధి చివరి దాకా నెమ్మదిగా ఒక రౌండు వేసి, వచ్చి నట్లన్నీ మళ్లీ ఒకసారి తడమండి. ఆ పూట చేతికి అంటే గ్రీజు సబ్బుతో పోతుంది. నేర్చుకున్న పని మాత్రం ఏ కొండ మీదైనా మీ వెంటే ఉంటుంది.